మద్రాసు శాపర్లు: వంశక్రమం, గౌరవాలు

భారత సైన్యపు ఇంజనీరు దళాల్లో మద్రాసు శాపర్ల వంశక్రమం 1780 సెప్టెంబరు నాటిది. మైసూరు పాలకుడు హైదర్ అలీ ఆ ఏడాది జూలైలో కర్ణాటక మైదానంపై దండెత్తాక, సెప్టెంబరులో ఈస్టిండియా కంపెనీ మద్రాసులో రెండు కంపెనీల పయనీర్లను, అంటే సేనకు ముందు నడిచి దారి నరికే పనివాళ్లను, సమకూర్చుకుంది. ఆ యుద్ధం చిత్తూరు సీమనూ వదలలేదు: తిరుమల కొండలకు దక్షిణాన షోలింగూరు దగ్గర 1781లో పోరు జరిగింది, 1782 డిసెంబరులో హైదర్ చిత్తూరు సమీపంలోని నరసింగరాయనిపేట శిబిరంలోనే కన్నుమూశాడు.

కోటగోడ దాకా కందకం తవ్వుకుంటూ పోయేవాడు శాపర్, గోడ కింద మందుపాతర పెట్టేవాడు మైనర్. 1831లో ఈ రెండు పేర్లూ దళానికి దక్కాయి. తర్వాత బెంగళూరులో ఉల్సూరు చెరువు పక్కన స్థిరపడిన ఈ దళంలో తమిళులు, కన్నడిగులు, మలయాళీలతోపాటు తెలుగువారూ చేరుతూ వచ్చారు. అస్సాయే (1803), జావా (1811), మియానీ (1843) వంటి యుద్ధ గౌరవాలు, అనగా పాల్గొన్న పోరు పేరును దళం శాశ్వతంగా ధరించే హక్కు, దీనికి లభించాయి. ముళ్లకంచె కిందికి నెట్టి పేల్చే మందు నింపిన గొట్టానికి బెంగళూరు టార్పెడో అని పేరు రావడానికి 1912లో ఇక్కడ జరిగిన ప్రయోగాలే కారణం.

అయితే ఈ దళపు గౌరవాల్లో అత్యున్నతంగా ఎంచదగినది ఒక మనిషి త్యాగమే. 1944 ఫిబ్రవరిలో ఇటలీలోని మిన్యానో వద్ద మందుపాతరలు ఏరుతుండగా ఒకటి పేలబోతే, సుబేదార్ సుబ్రమణ్యన్ దానిమీద పడి తోటివారిని కాపాడి ప్రాణం విడిచాడు. ఆయనకు మరణానంతరం బ్రిటిష్ సాహస పతకమైన జార్జి క్రాస్ ప్రకటించారు.