పసికందు తలకు చిన్న టోపీ



యొప్పే పట్టణములో దొర్కా చనిపోయినప్పుడు, విధవరాండ్రు ఏడ్చుచు పేతురునకు చూపినవి ఆమె తమకు చేసియిచ్చిన వస్త్రములు. ఆ బట్టలే ఆమెనుగూర్చి సాక్ష్యము పలికెను. 19వ శతాబ్దమున ఇంగ్లాండు మొదలగు దేశములలో సంఘ స్త్రీలు బీదలకు బట్టలు కుట్టియిచ్చుటకు సమాజములు ఏర్పరచుకొని, వాటికి ఆమె పేరే పెట్టిరి. నేడు అట్టి పని ఆసుపత్రిలోని పసిబిడ్డల ఊయలవరకు వచ్చినది. నెలలు నిండక పుట్టిన బిడ్డలకు ఊలుతోను నూలుతోను టోపీలు, మేజోళ్లు, దుప్పట్లు అల్లి పంపువారు అనేక దేశములలో ఉన్నారు.

గుప్పెడు దారముతో అల్లిన టోపీ ఒక ప్రాణమునకు ఏమి సహాయము చేయునని మీరడుగవచ్చును. చరిత్రను చూడుడి.

1880 ప్రాంతమున పారిస్ ప్రసూతి ఆసుపత్రిలో స్తెఫాన్ టార్నియే అను వైద్యుడు, కోడిగ్రుడ్లను పొదిగించు పెట్టెవంటి దానిని చేయించి, నెలలు నిండని బిడ్డలను దానిలో వెచ్చగా ఉంచెను. 2 కిలోలకంటె తక్కువ బరువుగల బిడ్డలలో మరణములు నూటికి 66 నుండి 38కి తగ్గెను. తరువాత న్యూయార్కులో విలియం సిల్వర్‌మన్ అను వైద్యుడును ఆయన తోటివారును ఇట్టి బిడ్డలను రెండు గుంపులుగా చేసి పరీక్షించిరి. ఒక గుంపు ఉన్న పెట్టెలలో వేడిమి సుమారు 3 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ. మిగిలిన సంరక్షణ ఒక్కటే. 1958లో ప్రచురించిన ఫలితమిది: చల్లని గుంపులో నూటికి సుమారు 68 మంది, వెచ్చని గుంపులో సుమారు 84 మంది బ్రదికిరి. మూడు డిగ్రీలు ఎందరు తల్లుల ఒడి నింపెనో ఆలోచించుడి!

దీనికి కారణమేమి? పసిబిడ్డ ఒళ్లు చిన్నది, చర్మము పలుచనిది, క్రొవ్వు స్వల్పము. దేహపు పొడవులో నాలుగవ వంతు తలయే. అక్కడనుండి వేడి త్వరగా పోవును. వెచ్చగా ఉండుటకే బలమంతయు వ్యయమైనయెడల, ఊపిరి తీయుటకును పాలు త్రాగుటకును ఎదుగుటకును ఏమి మిగులును?

1978లో కొలంబియా దేశపు బొగోటా నగరములో ఇంక్యుబేటర్లు చాలక బిడ్డలు క్రిక్కిరిసియుండిరి. అప్పుడు ఎడ్గార్ రే అను వైద్యుడు బిడ్డను తల్లి రొమ్మున చర్మమునకు చర్మము తగులునట్లు ఉంచు పద్ధతి ఆరంభించెను. నేడు లోకమంతట వాడబడు ఆ పద్ధతిలో బిడ్డ ఒంటిమీద ఉండునవి కొద్దిపాటి గుడ్డలు. తలమీద ఒక టోపీ.

"మాది ఎండల దేశము, మా బిడ్డకు చలియేమి?" అని కొందరందురు. సహోదరీలారా, అది పొరపాటు. తడి ఒంటితో పుట్టిన బిడ్డ ఎండల దేశములోను చల్లబడును. ఒంటి వేడిమి 36.5 డిగ్రీలకు తగ్గిన బిడ్డ చల్లబడిన బిడ్డయే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. కావున పుట్టిన వెంటనే తడి తుడిచి, తల్లి రొమ్మున ఉంచి, తల కప్పవలెను. స్నానమునకు కనీసము 24 గంటలు ఆగవలెను.

2006లో అమెరికాలో సేవ్ ద చిల్డ్రన్ సంస్థ బీద దేశముల శిశువులకొరకు టోపీలు అల్లుడని పిలుపునియ్యగా రెండు లక్షలకు పైగా టోపీలు వచ్చెను. అల్లినవారు వాటితోకూడ, శిశువుల ఆరోగ్యమునకు ధనమియ్యుడని తమ అధ్యక్షునికి చీటీలు వ్రాసిరి. వారి చేయి అల్లెను, వారి నోరు బీదల పక్షమున మాటలాడెను.

అయితే ప్రేమకు వివేకము తోడుండవలెను. 2013లో డెన్మార్కులో, నెలలు నిండని బిడ్డలకు ఎనిమిది కాళ్ల ఆక్టోపస్ బొమ్మలు అల్లియిచ్చుట మొదలాయెను. ఆ కాళ్లు పట్టుకొనిన బిడ్డకు బొడ్డుతాడు పట్టుకొనినట్లుండునని వారి తలంపు. దానికి గట్టి రుజువు ఇంకను లేదు. అయినను ఆ అల్లువారి క్రమశిక్షణ మనకు మాదిరి. కాళ్లు సాగదీసినను 22 సెంటీమీటర్లు మించకూడదు, నూలుదారమే వాడవలెను, వేడినీటిలో ఉతుకుటకు తగినదై యుండవలెను. ఏలయనగా పొడవైన దారము బిడ్డ మెడకు చుట్టుకొనవచ్చును, మురికి బొమ్మ రోగము తేవచ్చును.

గనుక మీరు అల్లదలచినయెడల ముందుగా ఆసుపత్రి నర్సమ్మను అడుగుడి. ఏ కొలత కావలెనో, ఏ దారము తగునో ఆమె చెప్పును. బొత్తాములు, రిబ్బన్లు, వ్రేలాడు పోగులు వద్దు. మెత్తగా, శుభ్రముగా ఉండవలెను. మనకు ముచ్చటైనది కాదు, బిడ్డకు అక్కరయైనది ఇయ్యుటయే దానము.

గోదావరి తీరమున నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో మిషనెరీలు 19వ శతాబ్దమున నేర్పిన లేసు అల్లిక తరతరములుగా మన స్త్రీల వ్రేళ్లలో నిలిచియున్నది. ఆ నేర్పు దూరదేశపు బల్లలకు అలంకారమైనది. మన ఊరి ఆసుపత్రిలో వణకుచున్న బిడ్డ తలకును అది కొంత చేరునుగాక. ఆ బిడ్డ మీ పేరెరుగడు. అయినను దొర్కావలె మీరు చేసినది మీ పక్షమున మాటలాడును.