ఆదవాని నామరూపములు: అంతర్జాలమునఁ బ్రపంచచరిత్ర శోధనము

కర్నూలు మండలపు పశ్చిమభాగమున ఆదవాని, యెమ్మిగనూరు అను రెండు పట్టణములు గలవు. మొదటిది దుర్గమువలనను బ్రత్తిబేరమువలనను, రెండవది మగ్గములవలనను బ్రసిద్ధికెక్కినవి. ఈ సీమయందలి విద్యార్థి ప్రపంచచరిత్రమును, దేశాంతర సాహిత్యమును మూలగ్రంథములలోఁ జదువఁగోరినచో మొన్నటివఱకు మదరాసు కన్నెమరా పుస్తకశాలకో, హైదరాబాదునకో పోవలసియుండెను. నేఁడా గ్రంథములలోఁ బెక్కు సెల్‌ఫోను తెరమీఁదికే వచ్చుచున్నవి. అమెరికాలో మైకేల్ హార్ట్ 1971లో నారంభించిన గూటెన్‌బర్గు గ్రంథమాలయు, 1996లో వెలసిన ఇంటర్నెట్ ఆర్కైవును, భారతీయ డిజిటల్ గ్రంథాలయమునకై ఛాయాప్రతులు తీసిన పుస్తకములును వెల యీయకయే లభించుచున్నవి. ఐనను బాలుఁడు తన యూరిపేరు యంత్రమున కిచ్చి వెదకినపుడు రెండుమూఁడు పొట్టిపేరాలు తప్ప మఱేమియుఁ గానక విసిగి విడిచిపెట్టుట తఱచుగా జరుగుచున్నది. గ్రంథములు లేకపోవుట యిందులకుఁ గారణము గాదు. వానిలో నా యూరు వేఱుపేరులతో నుండుట కారణము.

ఒకదాని చోటికి మఱియొకటి వచ్చినపుడు తొలుత నున్నదానిని స్థాని యనియు, వచ్చినదానిని ఆదేశమనియు వైయాకరణులు వ్యవహరింతురు. ఆదేశమును జూచి స్థానిని స్మరించుట వ్యాకరణము చదివిన వానికిఁ బ్రథమాభ్యాసము. పాతపుస్తకముల ఛాయాప్రతులలో వెదకు యంత్రమున కా యభ్యాసము లేదు. అక్షరమున కక్షరము సరిపోవనిచో నది మూఁగవోవును. ఆదవాని యనుటయే ఈ యూరిపేరునకుఁ బూర్వరూపము. ప్రాకృతమున లవణశబ్దము లోణమైనట్లే, యిందలి 'అవ' యనుభాగము ఓకారముగా మాఱి ఆదోని యయ్యెను. పారశీకలిపియందు వకారమునకును, ఓకారమునకును, ఊకారమునకును ఒక్క యక్షరమే చెల్లును. అందుచేఁ బారశీక చరిత్రములను దెనిఁగించినవారుగాని, ఆంగ్లీకరించినవారుగాని తమకుఁ దోఁచినట్లు చదివి ఆద్వానీ యనియు, అదోనీ యనియు, నింక నితరవిధములను వ్రాసిరి. ఔరంగజేబు సేన దుర్గమును బట్టుకొన్నపిమ్మట మొగలాయి వ్రాఁతలలో దీనికి ఇమ్తియాజ్‌గఢ్ అను క్రొత్తపేరు పడినది. ధ్వనిమార్పుచే వచ్చిన రూపమును ఊహింపవచ్చును గాని, యిట్టి ప్రభువిచ్చిన పేరు నెవఁ డూహింపఁగలఁడు? ఆ పేరు ముందుగాఁ దెలిసియున్నవానికే మొగలాయిచరిత్రములలోని ఆదవాని కానవచ్చును. యాదవగిరియే ఆదవాని యైనదని చెప్పు వ్యుత్పత్తి యొకటి జనులలోఁ గలదు. అది వినుట కింపుగా నున్నది గాని, దానికి శాసనప్రమాణము చూపినఁగాని నమ్మఁదగదు.

పేరుతోడనే మండలమును మాఱినది. 1953 అక్టోబరు 1వ తేదిని ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు బళ్లారి మండలమునుండి విడివడి యాంధ్రమునఁ జేరెను. వానిలో ఆదవాని, ఆలూరు కర్నూలు మండలమునఁ గలిసినవి. యెమ్మిగనూ రప్పుడు ఆదవాని తాలూకాలోనిదే. కాఁబట్టి నరహరి గోపాలకృష్ణమసెట్టి 1886లోఁ బ్రకటించిన కర్నూలు మాన్యుయలు నెంత తిరుగవేసినను ఈ యూళ్ల వృత్తాంతము దొరకదు. కెల్సాలు 1872లో వ్రాసిన బళ్లారి మాన్యుయలునందును, ఫ్రాన్సిసు 1904లో వ్రాసిన బళ్లారి గజెటీరునందును దానిని వెదకవలెను. ఇంత చిన్నవిషయము తెలియక యెందఱో విద్యార్థులు తమ సీమకుఁ జరిత్రయే లేదనుకొనుచున్నారు.

ఇఁక నామభ్రాంతివలనఁ గలుగు ప్రమాదమునకు మఱింత గట్టి యుదాహరణము కౌతాళపుయుద్ధము. కౌతాళము ఆదవాని చెంతనున్న గ్రామము. 1366-67 సంవత్సరములలో బహమనీసుల్తాను మహమ్మదుషాకును విజయనగరప్రభువునకును జరిగిన పోరు ఈ సీమయందే నడచినదని చరిత్రకారులు గుర్తించిరి. దాని కథను విస్తరించి చెప్పినవాఁడు ఫెరిస్తా. సుల్తాను మధువు మత్తున నుండి గాయకులకీయవలసిన సొమ్మును విజయనగరపు బొక్కసమునుండి యిప్పింపఁ బత్రము వ్రాయించుట, రాయలు దూత నవమానించి తుంగభద్ర దాఁటి ముద్గల్లును బట్టుకొనుట, సుల్తాను ప్రతిజ్ఞచేసి నదిని దాఁటివచ్చుట మొదలైన వెల్ల నతఁడు కన్నులఁ గట్టినట్లు వర్ణించెను. ఆ గ్రంథమునకు బ్రిగ్గ్సుదొర చేసిన యాంగ్లానువాదము 1829లో వెలువడెను. సూయలుదొర 1900లోఁ బ్రకటించిన విజయనగరచరిత్ర గూటెన్‌బర్గు గ్రంథమాలలో నున్నది. రెండును నేఁడెవరికైనను సులభములు. అయితే ఫెరిస్తా యీ యుద్ధమున విజయనగరరాజును 'కిషన్ రాయఁ'డని పిలిచినాఁడు. పద్నాలుగవ శతాబ్దినాఁటి బుక్కరాయలను ఆ పేరితోఁ బిలుచుటవలన, నెఱుఁగని పాఠకుఁడు అతనిని కృష్ణదేవరాయలుగా నెంచి నూటయేఁబది యేండ్లు పొరపడును. ఈ తబ్బిబ్బును సూయలు గుర్తించి, యతఁడు బుక్కరాయలే యని స్పష్టపఱచినాఁడు.

సంఖ్యల విషయము మఱియొకటి. యుద్ధమున లక్షలకొలఁది జనులు చచ్చిరని ఫెరిస్తా వ్రాఁత. అతఁడు బిజాపురమున ఇబ్రహీం ఆదిలుషా కొలువున నుండి పదునేడవ శతాబ్ది యారంభమున గ్రంథము రచించెను. అనఁగా యుద్ధమునకును వ్రాఁతకును నడుమ దాదాపు రెండువందల నలువది యేండ్లు గడచినవి. పైఁగా నతని దృష్టి గెలిచినవారి దృష్టి. ఈ లెక్క నట్లే యెత్తి వ్రాసిన క్రొత్తపుస్తకములును, జాలపుటలును బెక్కు గలవు. అవన్నియుఁ గలిసి పదిమంది సాక్షులుగాఁ గనఁబడును గాని, యొక్క ఫెరిస్తా నోటిమాటయే పదిమాఱులు వినఁబడుచున్నదని గ్రహింపవలెను. ఆ కథ తుదిఘట్టము మాత్రము చదువఁదగినది. ఆయుధము పట్టనివారిని జంపరాదని ఉభయులకు నొడంబడిక జరిగెననియు, దక్కనున ఆ యాచార మటుపిమ్మటను నిలిచెననియు నతఁడు చెప్పుచున్నాఁడు. యుద్ధధర్మములను గుఱించి ఐరోపాలో హ్యూగో గ్రోషియసు గ్రంథము 1625లో వెలువడినది. దానిని దీనితోఁ బ్రక్కప్రక్కఁ బెట్టి చదువుట ఆదవాని విద్యార్థికిఁ దగిన పని.

1568 ప్రాంతమున ఆదవాని బిజాపురపు ఆదిలుషాల వశమయ్యెను. వారి కొలువునఁ బ్రసిద్ధుఁడైన సిద్ది మసూదుఖానుఁ డిచ్చటి జుమ్మామసీదును గట్టించెను. అతఁడు హబ్షీ, అనఁగా ఆఫ్రికాఖండమందలి అబిసీనియా జాతివాఁడు. బిజాపురరాజ్యమునకుఁ గొంతకాలము సర్వాధికారియై, 1683లో నా పదవిని విడిచి యీ దుర్గమునకు వచ్చి యుండెను. మొగలాయిసేనాని ఫిరంగులను మసీదువైపు త్రిప్పఁగా, దానికి హాని కలుగునని తలఁకి మసూదు కోట నప్పగించెనను ఐతిహ్య మాంగ్లేయుల గజెటీరులకెక్కినది. కోటపట్టిన సంవత్సరమును గజెటీరు 1690గాఁ జెప్పఁగా, యదునాథ సర్కారు 1688గా నిర్ణయించెను. సర్కారు సమకాలికములైన పారశీకపత్రములను జూచి వ్రాసినవాఁడు. ఔరంగజేబు కొలువున నుద్యోగియైన సాకీ ముస్తాయిద్ ఖానుని గ్రంథమునకు 1947లో నాతఁడే యాంగ్లానువాదము చేసెను. ఇమ్తియాజ్‌గఢ్ అను పేరు వెదకవలసిన చోటు అదియే. అంతర్జాలమున మొదట నెదురుపడునది మాత్రము 1690 సంవత్సరమే. దీనికిఁ గారణము గలదు. భారతదేశమున గ్రంథకర్త గతించిన పిమ్మట అఱువది సంవత్సరములవఱకు గ్రంథస్వామ్యము నిలుచును. కావునఁ బాతపుస్తకములే స్వేచ్ఛగా దొరకును. వానితోఁ బాతపొరపాట్లును దొరకును. క్రొత్తవారి దిద్దుబాటులు పుస్తకశాలలోనే యుండిపోవును.

ప్రపంచచరిత్ర యనఁగానే దూరదేశపుమాట యనుకొను విద్యార్థి యొకమాఱు ఎఱ్ఱగుడికిఁ బోయిరావలెను. అది కర్నూలు మండలములోనే, గుత్తినుండి పత్తికొండకుఁ బోవు దారియం దున్నది. అచ్చటి బండలమీఁది అశోకశాసనములను 1928-29 ప్రాంతమున అనుఘోష్ అను భూగర్భశాస్త్రజ్ఞుఁడు కనుగొనెను. పదునాలుగు శిలాశాసనములును, వానితోఁ జిన్న శిలాశాసనమును నొక్కచోటఁ గలవు. చిన్నశాసనమునఁ గొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, మఱికొన్ని కుడినుండి యెడమకును నడచును. ప్రాచీన యవనశాసనములలో నిట్టి వ్రాఁత గలదు. దున్నునపుడు ఎద్దులు తిరుగు రీతి యని దానికి యవనులు పేరు పెట్టిరి. యెమ్మిగనూరి బాలుఁడైనచో మగ్గమున నాడె పోయివచ్చు రీతి యనును. అదియుఁ దగియే యున్నది.

అశోకుని పదుమూఁడవ శాసనమున ఆంధ్రులపేరుతోఁబాటు అంతియోక, తురమాయ, అంతికిని, మక, అలికసుదర అను నైదుగురు యవనరాజుల పేరులు గలవు. అనఁగా సిరియాలోని ఆంటియోకసు, ఈజిప్టులోని టాలెమీ, మాసిడోనియాలోని ఆంటిగొనసు, సైరీనులోని మాగాసు, అలెగ్జాండరు. ఈ కడపటివాఁడు ఎపిరసురాజో, కొరింథురాజో పండితుల కేకాభిప్రాయము లేదు. ఈ యైదుగురును జీవించియున్న కాలమును యవనచరిత్రములనుండి తెలిసికొనియే అశోకుని కాలము స్థిరపఱచిరి. సంస్కృతపురాణములలోని రాజవంశావళులు చేయఁజాలని పనిని ఈ పరదేశపు పేరులు చేసినవని యొప్పుకొనక తీఱదు. ఎఱ్ఱగుడి శాసనపాఠము ఎపిగ్రాఫియా ఇండికాలోఁ బ్రకటితము. యవనగ్రంథములు మూలముతోడను ఆంగ్లానువాదముతోడను టఫ్ట్సు విశ్వవిద్యాలయమువారి పర్సియసు గ్రంథాలయమునఁ గలవు. రెంటిని నొక్కతెరమీఁద సరిచూచుట పూర్వము పెద్దపండితులకును దుర్లభముగా నుండెను.

ప్రత్తికథయు నట్టిదే. 1861-65లో అమెరికాలో నంతర్యుద్ధము జరుగఁగా లాంకషైరుమిల్లులకుఁ బ్రత్తి యందక భారతదేశమునఁ బ్రత్తివెల పెరిగెను. బళ్లారి, కర్నూలు సీమల ప్రత్తికి విపణియందు 'వెస్టర్న్సు' అని పేరు. ఆదవాని ప్రత్తి నాఁటి యుత్తరప్రత్యుత్తరములలో నూరిపేరితోఁ గాక యీ పేరితో దొరకును. ఆంగ్లపార్లమెంటు వాదప్రతివాదములును నేఁడు అంతర్జాలమున నున్నవి. యెమ్మిగనూరున 1938లో నేర్పడిన చేనేత సహకారసంఘపు చరిత్రము, దాని స్థాపకుఁడు మాచాని సోమప్పకు 1954లోఁ బద్మశ్రీ వచ్చిన వృత్తాంతము ఈ పెద్దకథకు ఉత్తరభాగములు. వాని నింకను దగినట్లు వ్రాసినవారు లేరు.

సాహిత్యమునకు వచ్చునప్పుడు, బళ్లారిలోఁ బ్లీడరుగా నుండిన కోలాచలము శ్రీనివాసరావును (1854-1919) స్మరింపవలెను. ఆదవాని బళ్లారి మండలములోనిదై యున్నకాలముననే యాయన దేశదేశముల నాటకముల చరిత్రము నాంగ్లమున రచించెను. విజయనగరపతనమును గుఱించి తెలుఁగున నాటకమును వ్రాసెను. ప్రపంచమును జూచుటయు, దన సీమను జూచుటయు నాయనకు వేఱుపనులుగాఁ దోఁపలేదు.

తెలుఁగుపుస్తకముల ఛాయాప్రతులలోనైన నొక చిక్కు మిగిలియున్నది. వానిపేరులను రోమనులిపిలో నెక్కించినవారు దీర్ఘము, మహాప్రాణము పాటింపక యిష్టము వచ్చినట్లు వ్రాసిరి. ఒక్క కవిపేరే నాలుగు రూపములఁ గానవచ్చును. కావున విద్యార్థి గ్రంథనామము దొరకనిచోఁ గర్తపేరితోడను, కర్త దొరకనిచో ముద్రితసంవత్సరముతోడను వెదకవలెను. మాటల యర్థములకు బ్రౌనునిఘంటువు చికాగో విశ్వవిద్యాలయమువారి పుటలలోఁ గలదు. పుస్తకము దొరకినపిమ్మటను దానిలోపలి తెలుఁగక్షరములు పెక్కింట వట్టి చిత్రములే గాని, యంత్రము చదువఁగలవి కావు. ఆదవాని యే పుటలో నున్నదో ఆకులు తిరుగవేసియే తెలిసికొనవలసియున్నది.