ఫిల్మ్ నగర్ గుట్టల చరిత్ర

హైదరాబాదు చరిత్ర అనగానే మనవారికి చార్మినారు, గోలకొండ, సాలార్‌జంగ్ మ్యూజియము జ్ఞాపకమునకు వచ్చును. ఫిల్మ్ నగర్‌కును చరిత్ర యున్నదని, కాలినడకన తిరిగి చూడవలసినంత యున్నదని మాకు చెప్పినవారు మన సంఘములోని ఒక పెద్దాయన. సినిమా సెట్టింగులు వేయు వడ్రంగిగా నలుబది యేండ్లు పనిచేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉన్నారు. చదువు ఎనిమిదవ తరగతితో ఆగినది. అయినను ఏ స్టూడియో ఏ యేట లేచినదో, అంతకు ముందు అక్కడ ఏ బండ యుండెనో ఆయనకు కంఠస్థము.

ఆయన వెంట రెండు శనివారములు తిరిగితిమి. స్టూడియోలు చూతమని బయలుదేరిన మమ్ములను మొదట షేక్‌పేట సరాయి వద్ద నిలిపిరి. "అయ్యగారూ, సినిమావాళ్ళ కంటే ముందు ఈ దారిన నడిచినవాళ్ళు వీళ్ళండి" అన్నారు. కుతుబ్‌షాహీల కాలములో గోలకొండకు వచ్చిపోవు వర్తకులు ఇందులో బస చేసెడివారు. మనుష్యులకు గదులు, గుర్రములకు ఒంటెలకు శాలలు, ప్రక్కనే మసీదు. మేడలు అడ్డురాని చోట గుట్టమీద నిలిచి నైరుతి దిక్కుగా చూచిన యెడల కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటములు, వాని ఆవల గోలకొండ కనబడును. వాయవ్యమున దుర్గం చెరువు. కోటకు త్రాగునీరు అక్కడినుండి పోయెడిది. అనగా ఈ గుట్టలు కోటకు పెరడు వంటివి.

తరువాత చాలకాలము ఇక్కడ రాళ్ళు, ముళ్ళకంపలే. 1930 దశకములో నవాబు మెహ్దీ నవాజ్ జంగ్ బంజారాహిల్స్‌లో బండలను పగులగొట్టక, వాని నడుమనే ఇల్లు కట్టుకొనిరి. 1933లో రవీంద్రనాథ ఠాగూరు ఆయనకు అతిథిగా వచ్చిరి. 1960 దశకములో చల్లగళ్ళ నరసింహము మొదలగువారి పూనికతో జూబ్లీహిల్స్ గృహనిర్మాణ సహకార సంఘము ఏర్పడి, ప్లాట్లు వేసిరి. బండలను పగులగొట్టి దారులు తీసినది మాత్రము వడ్డెర కులస్థుల సమ్మెటలు. వారి పేర్లు ఏ శిలాఫలకముమీదను లేవు.

ఇక సినిమా. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినను తెలుగు సినిమా మద్రాసునే యుండెను. కెమెరాలు, ఫిల్ము కడుగు లాబొరేటరీలు, పనివారు అందరు అక్కడనే. ఒక్కటి వదలి ఒక్కటి కదలుటకు వీలు లేకపోయెను. అమీర్‌పేటలోని సారథి స్టూడియోలో తీసిన మా ఇంటి మహాలక్ష్మి (1959) పూర్తిగా హైదరాబాదులో తయారైన మొదటి తెలుగు చిత్రము. అక్కినేని నాగేశ్వరరావుగారు 22 ఎకరముల రాళ్ళ నేలలో అన్నపూర్ణ స్టూడియో కట్టగా, 1976 జనవరిలో రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ప్రారంభించిరి. 1983లో కృష్ణగారి పద్మాలయ, 1989లో రామానాయుడుగారి స్టూడియో వచ్చినవి. ప్రభుత్వము తక్కువ ధరకు నేల ఇచ్చుట ఒక కారణమైతే, లైటుబాయి మొదలు వంటమనిషి వరకు మద్రాసునుండి పెట్టేబేడా సర్దుకొని వచ్చిన కుటుంబములు మరియొక కారణము. మా పెద్దాయన రెండవదే పెద్ద కారణమని వాదింతురు. మేమును ఆ పక్షమే.

అమెరికాలోని హాలీవుడ్‌ను 1887లో ప్లాట్లు వేసినది హార్వీ విల్‌కాక్స్ దంపతులు. వారు మద్యము ముట్టని భక్తిపరులు. అటువంటివారి ఊరు కావలెనని కోరిరి. 1911లో అక్కడ మొదటి స్టూడియో తెరచినది ఒక పాత సారాయి దుకాణములో! కొండమీది ఆ పెద్ద అక్షరములు సయితము 1923లో ఇళ్ళ స్థలములు అమ్ముటకు పెట్టిన ప్రకటనయే. ఈ సంగతి చెప్పగా పెద్దాయన నవ్వి, "అయితే అక్కడా ప్లాట్ల బేరమేనా అయ్యగారూ!" అన్నారు.

సినిమా చూచుట పాపమని బోధించిన పెద్దలు మన సంఘములలో నుండిరి. 1978లో కరుణామయుడు వచ్చినప్పుడు వారిలో ఎందరు హాలు ముందు వరుసలో నిలువలేదు!

పెద్దాయన నిజముగా చూపదలచినది తన పని. ప్లైవుడ్డు, కర్ర రీపర్లు, గోనెపట్టా, ప్లాస్టర్ ఆఫ్ పారిస్. నిజమైన బండమీద అచ్చు తీసి, ఆ అచ్చులో పోసి రాతిగోడ చేయుదురు. షూటింగు ముగియగానే మేకులు పీకి, తిన్నగా కొట్టి, మరియొక కోటకు వాడుదురు. "గోలకొండ నాలుగువందల యేళ్ళు నిలిచింది. నేను కట్టిన కోటలు నాలుగు వారాలు నిలిస్తే గొప్ప" అన్నారు. పడగొట్టక ఉంచినవియు నిలుచునని నమ్మకము లేదు. అన్నపూర్ణలో దాచిన మనం చిత్రపు సెట్టింగు 2017 నవంబరులో కాలిపోయెను.

చిత్రముల గతియు అంతే. మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద ప్రింటు నేడు ఎక్కడను లేదు. అది 1931లో వచ్చినదని చాలకాలము నమ్మిరి. పాత్రికేయులు రెంటాల జయదేవ పాత పత్రికలను, రికార్డులను వెదకి, అది 1932 ఫిబ్రవరి 6న విడుదలైనదని నిరూపించిరి. మనుష్యులు బ్రదికియుండగా ఒక కాగితము వ్రాసిపెట్టి యుంటే ఇంత శ్రమ ఉండకపోవును. మన బాప్తిస్మపు రిజిస్టర్లు చెదలు తిన్న చోట్ల మనము పడుచున్న అవస్థ ఇదే గదా.

రెండవ శనివారము సాయంత్రము కృష్ణానగర్‌లో ఆయన ఇంట ట్రంకుపెట్టె తెరచిరి. అందులో అట్టలూడిన పదకొండు నోటుపుస్తకములు. తాము వేసిన ప్రతి సెట్టింగునకు తేది, చిత్రము, ఫ్లోరు నంబరు, పొడవు వెడల్పులు, ఆనాడు కలిసి పనిచేసిన వడ్రంగుల, తాపీవారి, పెయింటర్ల పేర్లు, కూలి. ఇల్లు మారునప్పుడు పిల్లలు వానిని పాతకాగితములవానికి వేయబోగా తాను అడ్డుపడితినని చెప్పిరి. చూపు తగ్గుచున్నది, తన వ్రాతను తానే చదువలేకున్నారు.

మన యౌవనస్థులు ఇద్దరు ప్రతి ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట ఆయన ప్రక్కన కూర్చుండి ఆ పుస్తకములను తిరిగి వ్రాయుచున్నారు. మూడు పూర్తియైనవి. నాలుగవదానిలో చాలచోట్ల ఇంటిపేరు లేక వట్టి పేరే యున్నది. సెట్టింగు పనిలో, లైట్ల పనిలో, దుస్తుల విభాగములో పనిచేసినవారు మన సంఘములలో ఎవరైనను యుంటే, తమ పేరును, తాము పనిచేసిన యేండ్లను మాకు తెలియజేయ ప్రార్థన.