పాండోరా బాన, హెక్టర్ సీతాకోకచిలుక

పాండోరా చేతిలో పెట్టె లేదు. క్రీస్తుపూర్వం 700 ప్రాంతంలో హెసియడ్ చెప్పిన కథలో ఆమె మూత తీసింది ఒక పెద్ద మట్టి బానకి. ధాన్యం, నూనె, ద్రాక్షసారా నిల్వ చేసుకునే ఆ బానని గ్రీకులు పిథోస్ అనేవారు. రెండు వేల ఏళ్లు దాటాక, 16వ శతాబ్దంలో, డచ్ పండితుడు ఎరాస్మస్ ఈ కథని లాటిన్‌లో చెబుతూ పిథోస్ ఉండాల్సిన చోట పిక్సిస్ అని రాశాడు. పిక్సిస్ అంటే భరిణె. ఆ భరిణే యూరప్ భాషల్లో పెట్టె అయింది. ఇవాళ మన దినపత్రికలు ఏదైనా కుంభకోణం బయటపడగానే ‘పాండోరా పెట్టె తెరుచుకుంది’ అని రాస్తున్నాయంటే, ఆ పెట్టె హెసియడ్‌ది కాదు, ఎరాస్మస్‌ది.

గ్రీకు పురాణాల సాయంతో ఇంగ్లీషు పదాలు నేర్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం దేవుడి దగ్గర్నుంచి నేరుగా మాట దగ్గరికి గెంతుతాయి. ‘పాన్ దేవుడు, అందుకే పానిక్’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. మధ్యలో ఒక మనిషి ఉంటాడు: ఏదో ఒక శతాబ్దంలో, తనకున్న అవసరం కొద్దీ, ఆ పాత కథని వెతికి పట్టుకున్నవాడు. అతను ఎవరో తెలిస్తేనే ఆ మాట పూర్తిగా తెలిసినట్టని నా నమ్మకం.

పేర్ల పుట్టుక మీద ఆసక్తి గ్రీకులకీ ఉండేది. ప్లేటో రాసిన ‘క్రాటిలస్’లో సోక్రటీస్ దేవతల పేర్లను ఒక్కొక్కటిగా విడగొట్టి చూస్తాడు. హేరా పేరు పదేపదే పలికితే ‘ఆయేర్’, అంటే గాలి, అని వినిపిస్తుందంటాడు. ఆయన ఇదంతా మనస్ఫూర్తిగానే అన్నాడా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. మన దగ్గరా ఇలాంటిది జరిగింది. పంచాంగం చూసేవాళ్లకి తెలిసిన ‘హోర’ గ్రీకు నుంచి వచ్చిన మాట. ఋతువులకి అధిదేవతలైన హోరైల పేరులో ఉన్నదీ అదే. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు ‘బృహజ్జాతకం’లో మాత్రం, అహోరాత్ర అనే పదంలో మొదటి అక్షరం, చివరి అక్షరం తీసేస్తే హోర మిగులుతుందని కొందరంటారని చెప్పాడు. ఆ లెక్క కుదిరిన తీరు ముచ్చటగానే ఉంటుంది, చరిత్ర మాత్రం దానితో కలవదు.

కొన్ని మాటలు గ్రీకు నేల మీదే తయారయ్యాయి. కారణం లేకుండా రాత్రివేళ సైన్యంలో హఠాత్తుగా రేగే భయానికి పాన్ పేరు పెట్టుకున్నారు. కోటల రక్షణ గురించి క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో పుస్తకం రాసిన ఈనియస్ టాక్టికస్, ఇది పెలొపొనీస్ వాళ్ల మాట, ముఖ్యంగా ఆర్కేడియా వాళ్లదని చెప్పాడు. ఆర్కేడియా పాన్ పుట్టినిల్లు. అంటే ఇది మొదట మేకలు, గొర్రెలు కాచుకునే కొండవాళ్ల పలుకుబడి. సిపాయిల నోళ్లలో పడి ఊరూరా తిరిగింది.

తర్వాత వెయ్యేళ్లకు పైగా ఈ కథలని పశ్చిమ యూరప్‌లో బతికించినవి లాటిన్ పుస్తకాలే. రోమన్ కవి ఓవిడ్ కావ్యం వాటిలో ముఖ్యమైనది. నార్సిసస్, ఎకో, కలలు తెచ్చే మార్ఫియస్ అందరూ అందులో ఉన్నారు. ఏడో శతాబ్దంలో సెవిల్ బిషప్ ఇసిడోర్ పదాల పుట్టుక ఆధారంగా ఇరవై భాగాల విజ్ఞాన సర్వస్వం కూర్చి, అన్యమత దేవతలకి ఒక అధ్యాయం కేటాయించాడు. వాళ్లంతా ఒకప్పటి మనుషులేనన్నది ఆయన వివరణ. దేవతలుగా ఒప్పుకోకపోయినా పేర్లని మాత్రం పోనివ్వలేదు.

అచ్చుయంత్రం వచ్చాక వేగం పెరిగింది. 1595లో, మెర్కేటర్ చనిపోయిన మరుసటి ఏడాది, ఆయన పటాల సంపుటి ‘అట్లాస్’ పేరుతో వెలువడింది. ఆకాశాన్ని భుజాన మోసే టైటన్ వల్ల ఆ పేరు వచ్చిందని బడిలో చెబుతారు. మెర్కేటర్ మనసులో ఉన్నది మారిటేనియా రాజు, ఖగోళం తెలిసిన జ్ఞాని అయిన మరో అట్లాస్. కాలిమడమ వెనక స్నాయువుకి ఎకిలీస్ పేరు పెట్టింది 1693లో ఫ్లెమిష్ శరీర శాస్త్రవేత్త వెర్‌హేయన్. హోమర్ ఎక్కడా ఆ మడమ బలహీనత ప్రస్తావించలేదు. తల్లి బిడ్డని స్టిక్స్ నదిలో ముంచిన కథ మనకి మొదట కనిపించేది ఒకటో శతాబ్దపు రోమన్ కవి స్టేషియస్‌లో. ఇప్పుడు ప్రతి ఆఫీసులో వినిపించే ‘మెంటార్’ కూడా అంతే. ‘ఒడిస్సీ’లో మెంటార్ చేసింది తక్కువ, అతని రూపంలో వచ్చిన ఎథీనా చేసింది ఎక్కువ. అతన్ని ఆదర్శ గురువుని చేసింది 1699లో ఫెనెలాన్ రాసిన ఫ్రెంచి నవల.

సిలిండర్ అయిపోగానే మనం బుక్ చేసే ‘గ్యాస్’ సంగతి వింటే ఆశ్చర్యమేస్తుంది. 17వ శతాబ్దపు ఫ్లెమిష్ వైద్యుడు వాన్ హెల్మాంట్, పాత్రలో పట్టి ఉంచలేని ఆవిరికి పేరు కావాల్సి వచ్చి, సృష్టికి ముందున్న ‘కేయాస్’ని తన భాష ఉచ్చారణకి దగ్గరగా కుదించి గ్యాస్ అన్నాడు.

నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది లిన్నేయస్ చేసిన పని. 1758లో అప్పటికి తెలిసిన జంతువులన్నిటికీ రెండేసి పదాల పేర్లు పెడుతూ, పెద్ద రెక్కల సీతాకోకచిలుకలని ఆయన ట్రాయ్ యుద్ధంలోకి దింపాడు. రొమ్ము మీద నెత్తుటి రంగు మచ్చలున్నవి ట్రోజన్లు, లేనివి గ్రీకులు. ఓడినవాళ్ల గుండె మీద గాయం ఉండాలని ఆయన ఊహ కాబోలు. ఆ ట్రోజన్లలో ఒకడైన హెక్టర్ మన పెరళ్లలోనే ఎగురుతున్నాడు. నల్లటి రెక్కలు, కింది రెక్కల మీద ఎర్రటి చుక్కలు, ఎర్రటి ఒళ్లు. దీని గొంగళిపురుగు ఈశ్వరి తీగ ఆకు తిని పెరుగుతుంది. నిమ్మ ఆకుల్ని కొరికేసే పురుగు నుంచి వచ్చే పసుపు, నలుపు మచ్చల సీతాకోకచిలుకది డెమోలియస్ పేరు. ‘ఈనీడ్’లో అతనొక గ్రీకు యోధుడు. ఒక స్వీడన్ పండితుడి వర్గీకరణ నియమం మన నిమ్మచెట్టు మీద వాలుతోంది!

లిన్నేయస్ దారిలోనే రసాయన శాస్త్రవేత్తలు నడిచారు. క్లాప్రోత్ 1795లో ఒక లోహానికి టైటానియం అని పేరు పెట్టాడు. దాని ప్రత్యేక గుణమేదీ ఇంకా తెలియదు కాబట్టి ఏ గుణాన్నీ సూచించని పేరైతే మేలని ఆయన ఆలోచన. ఎకెబెర్గ్ ఉద్దేశం ఇందుకు పూర్తిగా వేరు. 1802లో ఆయనకి దొరికిన లోహపు ఆక్సైడు ఆమ్లంలో మునిగి ఉన్నా ఆమ్లాన్ని తీసుకోదు. పీకల్లోతు నీళ్లలో నిలబడి దాహంతో అలమటించిన టాంటలస్ గుర్తొచ్చి టాంటలం అన్నాడు. నాకు తెలిసినంతలో మూలకాల పట్టికలో ఇంత కచ్చితంగా కథకి అతికిన పేరు ఇంకొకటి లేదు. 1844లో హైన్రిక్ రోజ్ అదే రకం ఖనిజంలో రెండు కొత్త మూలకాలు చూశాననుకుని టాంటలస్ పిల్లల పేర్లు పెట్టాడు: నియోబియం, పెలోపియం. కూతురు మిగిలింది. పెలోపియం అనే మూలకమే లేదని తర్వాత తేలింది.

సూర్యదేవుడు హీలియోస్ కథలో మన ఊళ్లకీ చోటుంది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ గ్రహణాన్ని గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన పోగ్సన్ వర్ణపటదర్శినితో పరిశీలించారు. ఆ అక్టోబరులో ఇంగ్లండ్‌లో లాకియర్ గ్రహణం లేకుండానే సూర్యుడి అంచు కాంతిలో ఒక పసుపు గీతని చూశాడు. భూమ్మీద తెలిసిన ఏ మూలకానిదీ కాని ఆ గీతే హీలియం అనే పేరుకి కారణమైంది. 1895లో గానీ రామ్సే దాన్ని భూమ్మీది ఖనిజంలో పట్టుకోలేదు.

ఆకాశంలోనూ ట్రాయ్ యుద్ధం మళ్లీ జరిగింది. 1906లో మాక్స్ వోల్ఫ్ గురుగ్రహ కక్ష్యలో ఒక గ్రహశకలం కనుక్కుంటే దానికి ఎకిలీస్ అని పేరొచ్చింది. క్రమంగా గురుడి ముందు నడిచే గుంపు గ్రీకు శిబిరం, వెనక వచ్చేది ట్రోజన్ శిబిరం అయ్యాయి. ఈ నియమం స్థిరపడకముందే పేర్లు పడ్డ ఇద్దరు మాత్రం శత్రువుల మధ్య చిక్కుకుపోయారు: గ్రీకుల్లో హెక్టర్, ట్రోజన్లలో పట్రోక్లస్.

లాటిన్, గ్రీకు రాని సామాన్య పాఠకుల కోసం ఈ కథలని కూర్చిన పుస్తకం 1855లో బోస్టన్‌లో వచ్చింది. రాసినవాడు బ్యాంకు గుమాస్తా బుల్‌ఫించ్. 1949లో నార్మన్ లూయిస్ ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’ వచ్చింది. కోఠీ పాత పుస్తకాల దుకాణాల్లో దాన్ని కొనుక్కోని పోటీపరీక్షల విద్యార్థి అరుదు. ధాతువుల మీద దానికున్నంత శ్రద్ధ కథల మీద లేదు. 1961లో ఐజాక్ అసిమోవ్ ‘వర్డ్స్ ఫ్రమ్ ది మిత్స్’లో ముందు కథ చెప్పి, అక్కణ్నుంచి మాటలోకి, శాస్త్రంలోకి తీసుకెళ్లాడు. జీఆర్‌ఈ కోసం మన పిల్లలు బట్టీపట్టే జాబితాల్లో ‘హెర్క్యూలియన్ అంటే చాలా కష్టమైన’ అని ఉంటుంది తప్ప అంతకుమించి ఏమీ ఉండదు. హెర్క్యూలిస్ చేసిన పన్నెండు పనుల్లో ఒక్కటి చెప్పినా ఆ పదం ఇంకెప్పటికీ జారిపోదు.

ప్రొమీథియం సంగతే చూడండి. 61వ మూలకం 1945లో అమెరికాలోని ఓక్‌రిడ్జ్‌లో, యురేనియం విచ్ఛిత్తిలో మిగిలిన పదార్థాల్లో దొరికింది. కనుక్కున్న ముగ్గురిలో ఒకరైన చార్లెస్ కొరియెల్ భార్య గ్రేస్ మేరీ కొరియెల్ ఈ పేరు సూచించింది. దేవతల దగ్గర్నుంచి నిప్పు దొంగిలించి మనిషికిచ్చినందుకు ప్రొమీథియస్‌ని బండకి కట్టేశారు. రోజూ ఒక గద్ద వచ్చి కాలేయం పొడుచుకు తినేది. మనిషి చేతికి చిక్కిన అణుశక్తి, దాని వెనకే పొంచి ఉన్న యుద్ధం రెండూ ఆ పేరులో ఉన్నాయి. తరగతిలో ఆ కథని, 1945 అనే ఏడాదిని పక్కపక్కన ఉంచితే చాలు, విద్యార్థులు మిగతాది వాళ్లే అడుగుతారు.