కన్ను కాగితముపై, వ్రేలు మీటపై

1888వ సంవత్సరము జూలై 25వ తేదీన అమెరికాలోని సిన్సినాటి నగరమున ఒక వింత పందెము జరిగెను. ఒకవైపు సాల్ట్ లేక్ నగరపు న్యాయస్థాన లేఖకుడు ఫ్రాంక్ మెక్‌గరిన్. రెండవవైపు కాలిగ్రాఫ్ యంత్రముపై ఆరితేరిన లూయీ ట్రాబ్. పందెపు సొమ్ము 500 డాలర్లు. ముప్పావుగంట ఒకరు చెప్పుచుండగా టైపు చేయవలెను. మఱి ముప్పావుగంట ప్రతిని చూచి టైపు చేయవలెను.

కాలిగ్రాఫ్ యంత్రమున పెద్ద అక్షరములకు, చిన్న అక్షరములకు వేర్వేఱు మీటలుండెను. మెక్‌గరిన్ వాడిన రెమింగ్టన్‌లో ఒకే మీట రెండింటికిని పనికివచ్చుచుండెను. మీటలు తక్కువైనచో వాని చోటులు వ్రేళ్ళకు సులభముగా పట్టుబడును. అతడు చూడకుండ టైపు చేయుటను స్వయంకృషితో సాధించినవాడు.

అన్ని వ్రేళ్ళతో టైపు చేయు పాఠములను అదే సిన్సినాటిలో శ్రీమతి లాంగ్లే 1882లోనే ప్రచురించియుండెను. కాని పియానోపై ముందుగా అలవాటు పడని ఉంగరపు వ్రేలిని టైపునకు వాడుట వృథాప్రయాస యని 1887లో ఒక సంక్షిప్తలేఖన పత్రిక ఆక్షేపించెను. ఆ వాదమునకు పందెమే సమాధాన మయ్యెను.

రెండు భాగములందును మెక్‌గరిన్ గెలిచెను. అయితే గమనింపదగిన విశేష మొకటి కలదు. ప్రతిని చూచి టైపు చేయునపుడు ట్రాబ్ వేగము తగ్గెను. మెక్‌గరిన్ వేగము తగ్గలేదు. ట్రాబ్ చూపు కాగితమునుండి మీటలకు, మీటలనుండి కాగితమునకు తిరుగుచుండెను. కాలము హరించినది వ్రేళ్ళ మాంద్యము కాదు, కంటి ప్రయాణము.

ట్రాబ్ అటుపిమ్మట తన యంత్రమును విడిచి, రెమింగ్టన్ చేపట్టి, ఈ పద్ధతినే అభ్యసించెను. గెలుపుకన్న ఈ నడవడి గొప్పదని నా తలంపు. ఏమియు రానివానికి క్రొత్త విద్య భారము కాదు. చేయి తిరిగినవాడు పాత అలవాటును మానుకొని, కొన్నాళ్ళు పసివానివలె తడబడుటకు ఒప్పుకొనవలెను. ముందు కాలము వెచ్చింపనిదే పిదప కాలము మిగులదు.

మన పట్టణములందును ఎందఱో గుమాస్తాలు ప్రొద్దంతయు కచేరీలో పనిచేసి, సాయంకాలము టైపు ఇన్‌స్టిట్యూటు మేడమెట్లెక్కి, లోయరు, హయ్యరు పరీక్షలకై 'ఏ, ఎస్, డి, ఎఫ్' అని వల్లించిరి. నేడు యంత్రము మారి కంప్యూటరు వచ్చినను, ఇంగ్లీషు అక్షరముల వరుస నాటిదే. నలువది యేండ్లు దాటినవారికిని ఆ వరుస నేర్చుటకు వేళ మించిపోలేదు.