నెట్, సెట్, జేఆర్‌ఎఫ్: ఏది దేనికి?

ముప్పై దాటకముందే పరిశోధక వేతనానికి పోటీ పడాలి

ప్రొద్దుటూరు: పీజీ పట్టా అందగానే ప్రైవేటు కళాశాలలో బోధనకు చేరి, కొన్నేళ్ల తర్వాత పరిశోధన వైపు చూసేవారు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో తరచూ కనిపిస్తుంటారు. అప్పటికి వయోపరిమితి దాటిపోయి, నెలనెలా వేతనంతో పీహెచ్‌డీ చేసే అవకాశం చేజారుతుంది. అధ్యాపక అర్హత వేరు, పరిశోధక వేతనం వేరు అన్న సంగతి ముందే తెలిస్తే ఈ నష్టం ఉండదు.

నెట్: యూజీసీ నెట్‌ను 2018 డిసెంబరు నుంచి జాతీయ పరీక్షల సంస్థ (ఎన్‌టీఏ) జూన్, డిసెంబరు విడతలుగా నిర్వహిస్తోంది. పీజీలో జనరల్ అభ్యర్థులకు 55 శాతం, ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగులకు 50 శాతం మార్కులు అవసరం. పీజీ చివరి ఏడాది విద్యార్థులూ దరఖాస్తు చేసుకోవచ్చు. మొదటి పేపరులో 50, రెండో పేపరులో 100 ప్రశ్నలు, మొత్తం 300 మార్కులు. తప్పు జవాబులకు మార్కుల కోత లేదు. తెలుగు కూడా ఒక సబ్జెక్టే. భౌతిక, రసాయన, జీవ, గణిత, భూవిజ్ఞాన శాస్త్రాల వారికి సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ వేరుగా ఉంటుంది.

జేఆర్‌ఎఫ్: నెట్‌లో పైస్థాయి మార్కులు సాధించిన వారికే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ దక్కుతుంది. 2023 జనవరి నుంచి అమలైన రేట్ల ప్రకారం తొలి రెండేళ్లు నెలకు రూ.37 వేలు, తర్వాత రూ.42 వేలు చొప్పున గరిష్ఠంగా ఐదేళ్లు చెల్లిస్తారు. వయసు 30 ఏళ్లు మించరాదు. మహిళలు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకు ఐదేళ్ల సడలింపు ఉంది. ఫెలోషిప్ వచ్చినంత మాత్రాన సీటు వచ్చినట్లు కాదు. ఏదైనా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ ప్రవేశం విడిగా పొందాలి. 2024 జూన్ విడత నుంచి జేఆర్‌ఎఫ్ రాని వారూ నెట్ స్కోరుతో పీహెచ్‌డీకి పోటీ పడవచ్చు. స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఈ స్కోరు ఏడాదే చెల్లుతుంది.

ఏపీసెట్: ఆంధ్ర విశ్వవిద్యాలయం నిర్వహించే ఈ పరీక్షకు వయోపరిమితి లేదు. దీని అర్హత రాష్ట్రంలోని కళాశాలలు, విశ్వవిద్యాలయాలకే పరిమితం. ఫెలోషిప్ ఉండదు. అసిస్టెంట్ ప్రొఫెసర్ నియామకాలకు నెట్, సెట్, స్లెట్‌లను కనీస అర్హతగా, పీహెచ్‌డీని ఐచ్ఛికంగా చేస్తూ యూజీసీ 2023 జులైలో నిబంధనలు సవరించింది.

ఇంజినీరింగ్: ప్రొద్దుటూరులోని యోగి వేమన వర్సిటీ ఇంజినీరింగ్ కళాశాల, పులివెందుల జేఎన్‌టీయూ కళాశాల వంటి చోట్ల బోధనకు బీటెక్‌తో పాటు ఎంటెక్ ఉండాలి. వాటిలో ఒకదానిలోనైనా ప్రథమ శ్రేణి తప్పనిసరి. ఇక్కడ నెట్ వర్తించదు.

ప్రాజెక్టు పోస్టులు: ఆచార్యులకు మంజూరైన పరిశోధన ప్రాజెక్టుల్లో తాత్కాలిక ఫెలోలను తీసుకుంటారు. ప్రాజెక్టు ముగిస్తే కొలువూ ముగుస్తుంది. పీహెచ్‌డీ నమోదుకు వీలుందో లేదో చేరేముందే అడిగి తెలుసుకోవాలి.

అంశం ఊళ్లోనే: పరిశోధనాంశం కోసం దూరం వెళ్లనక్కరలేదు. ఈ జిల్లాకు చెందిన రచయిత కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊరి పేర్లపైనే పరిశోధించి డాక్టరేట్ అందుకున్నారు. 2006లో ఏర్పడిన యోగి వేమన విశ్వవిద్యాలయం, దాని నిర్వహణలోని సీపీ బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం కడపలోనే ఉన్నాయి. పీజీ చివరి ఏడాదిలోనే తొలి ప్రయత్నం చేస్తే వయసు మీరేలోగా మరికొన్ని అవకాశాలు మిగులుతాయి.