నమూనా రైలు పట్టాలు

నమూనా రైలు పట్టాలు అనగా నిజమైన రైళ్ళను ఒక నిర్ణీత నిష్పత్తిలో తగ్గించి చేసిన చిన్న ఇంజన్లు, పెట్టెలు నడవడానికి అమర్చే పట్టాలు. ఈ అభిరుచిలోకి కొత్తగా వచ్చేవారు సాధారణంగా ముందు ఇంజనును చూసి ముచ్చటపడి కొంటారు, పట్టాల సంగతి తరువాత ఆలోచిస్తారు. ఈ వరుస తలక్రిందులు కావడం మంచిది. పట్టాల మధ్య దూరం సరిపోయినంత మాత్రాన బండి నడవదు. పట్టా ఎత్తు, విద్యుత్తు అందే పద్ధతి, వంపు కూడా సరిపోవలెను.

స్కేలు, గేజి

ఈ రెండు మాటలను ఒకే అర్థంలో వాడటం కద్దు, కాని అది సరికాదు. స్కేలు అనగా నమూనాను ఎన్నో వంతుకు తగ్గించారో తెలిపే నిష్పత్తి. గేజి అనగా రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం. బహుళ ప్రచారంలో ఉన్న ఎచ్.ఓ. స్కేలు 1:87. ప్రామాణిక గేజి 1,435 మి.మీ.ను 87తో భాగిస్తే 16.5 మి.మీ. వస్తుంది. బ్రిటనులో వాడే ఓ.ఓ. స్కేలు 1:76. లెక్క ప్రకారం దానికి సుమారు 18.8 మి.మీ. గేజి కావాలి, అయినా అదీ 16.5 మి.మీ. పట్టాలపైనే నడుస్తుంది. మన బ్రాడ్ గేజి (1,676 మి.మీ.) 1:87లో సుమారు 19.3 మి.మీ. అవుతుంది. కనుక 16.5 మి.మీ. పట్టాలపై నిలిపిన భారతీయ రైలు నమూనా కాళ్ళు దగ్గరగా పెట్టుకున్నట్లు కనిపిస్తుంది. చోటు తక్కువగా ఉన్నవారికి 9 మి.మీ. గేజి గల ఎన్ స్కేలు అనుకూలం.

పట్టా ఎత్తు

దీనిని కోడ్ అంటారు. ఇది అంగుళంలో వెయ్యవ వంతుల లెక్క. కోడ్ 100 అనగా 2.54 మి.మీ., కోడ్ 75 అనగా 1.9 మి.మీ. ఎత్తు. తక్కువ ఎత్తు పట్టా చూడటానికి సహజంగా ఉంటుంది గాని, పాత బండ్ల చక్రాలకు అంచు లోతు ఎక్కువ కావడం వలన అవి దానిపై స్లీపర్ల బిగింపులకు తగిలి ఎగురుతూ పోతాయి. బంధువులు విదేశాల నుండి తెచ్చిన పాత సెట్లు ఉన్నవారు కోడ్ 100 ఎంచుకొనుట మేలు.

విద్యుత్తు

అధిక భాగం ఎచ్.ఓ. బండ్లు రెండు పట్టాల పద్ధతిలో నడుస్తాయి. ఒక పట్టా ధన ధ్రువం, రెండవది ఋణ ధ్రువం. సాధారణ పద్ధతిలో 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తు సరఫరా అవుతుంది. షార్టు కాకుండా ఎడమ, కుడి చక్రాల మధ్య విద్యుద్బంధకం ఉంటుంది. జర్మనీకి చెందిన మార్క్లిన్ సంస్థ ఎచ్.ఓ. బండ్లలో రెండు పట్టాలదీ ఒకే ధ్రువం. రెండవ ధ్రువాన్ని ఇంజను అడుగున ఉన్న జారుడు పట్టీ మధ్యలోని లోహపు మొనల నుండి గ్రహిస్తుంది. ఆ చక్రాలకు బంధకం ఉండదు గనుక రెండు పట్టాల మార్గంపై పెడితే వెంటనే షార్టు అవుతుంది. గేజి రెండింటికీ 16.5 మి.మీ. కావడం చేత కొత్తవారు ఇక్కడే ఎక్కువగా పొరబడుతుంటారు.

రెండు పట్టాల పద్ధతికీ ఒక చిక్కు ఉన్నది. మార్గం చుట్టుతిరిగి తనలోనే కలిస్తే ధన పట్టా ఋణ పట్టాను తాకుతుంది. అటువంటి చోట పట్టాలను విడగొట్టి వేరుగా తీగలు కలపవలెను. మూడు ధ్రువస్థానాల మార్క్లిన్ పద్ధతిలో ఈ బెడద లేదు.

వంపు, కలయిక

హార్న్‌బీ పట్టాలలో మొదటి వంపు వ్యాసార్ధం 371 మి.మీ., రెండవది 438 మి.మీ. పెద్ద ఇంజన్లకు చాలావాటికి రెండవ వంపు కనీసం అవసరం. మూడడుగుల వెడల్పు బల్లపై ఆ వంపు వేస్తే పట్టాకు వెలుపల సెంటీమీటరు చోటే మిగులుతుంది, బండి పడితే నేలకే. కేటో, బాక్‌మన్ వంటి సంస్థలు కంకర దిమ్మతో సహా చేసే పట్టాలకు ఎవరి కొక్కెం వారిది. ఒకదానితో ఒకటి నేరుగా బిగియవు. పాయింట్ల ఖరీదు ఎక్కువ గనుక మొదటి నుండీ ఒకే సంస్థ పట్టాలను కొనడం పొదుపు.

కోస్తా పట్టణాల వంటి తేమ ప్రాంతాలలో ఉక్కు పట్టాలు తుప్పు పడతాయి. నికెల్ సిల్వర్ పట్టాలు మన్నుతాయి. పేరులో ఉన్నా ఇందులో వెండి లేదు, రాగి, నికెలు, జింకుల మిశ్రమం మాత్రమే.